కాలిపోయిన పెట్టె నుంచి ఫోను

మోటార్లు బాగుచేసి బతికేవాడికి దయ్యాల మీద నమ్మకం కుదరదు. తాడేపల్లిగూడెంలో నాకు చిన్న వైండింగు షాపు ఉంది. ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చిన ప్రతి వింతకీ మూత తీసి చూస్తే ఒక కారణం దొరికింది.

ఉండి అనే ఊరి దగ్గర ఒక రైతు మోటారు దానంతటదే ఆగుతోందని, దానంతటదే తిరుగుతోందని స్టార్టరు పెట్టెకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించాడు. నేను వెళ్ళి మూత తీస్తే లోపల ఒక బల్లి అతుక్కుపోయి చచ్చి ఉంది. బల్లిని తీశాను, దయ్యం పోయింది. ఆ నిమ్మకాయల్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన నాకే ఇచ్చాడు. వాటిని మా ఆవిడ మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకూ ఒక పెట్టె ఎదురైంది. దాని మూత నేనే తీశాను, నేనే చూశాను. లోపల ఏ బల్లీ లేదు.

మా అన్నయ్యకి గుండుగొలను దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో చేపల చెరువు ఉండేది. బొచ్చె, శీలావతి పెంచేవాడు. చెరువు మనిషికి భయమల్లా మబ్బు పట్టిన రోజులే. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. తలలు తేల్చాయి అంటారు మా వైపు. ఆ మాట వింటే చెరువున్నవాడికి అన్నం దిగదు. అప్పుడు ఏరియేటర్లు, అంటే నీళ్ళను చిలికే చక్రాలు, ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే జనరేటరు వేసుకోవాలి. ఆలస్యమైతే ఏడాది కష్టం తెల్లగా పొట్ట తిప్పి తేలుతుంది.

అందుకని అన్నయ్యకి నేనే ఒక మొబైల్ స్టార్టరు బిగించాను. అది గోడకి కొట్టే చిన్న పెట్టె. లోపల ఒక సిమ్, చిన్న బ్యాటరీ ఉంటాయి. చెరువు దగ్గర కరెంటు పోయినా, మోటారు ఆగినా, అందులో వేసిన నంబర్లకి అదే ఫోను చేస్తుంది. తీస్తే ఒక ఆడగొంతు ఫలానా అయిందని చెబుతుంది. మేం తీసేవాళ్ళం కాదు. మోగిందంటే చాలు, లేచి పరుగెత్తడమే.

ఆ సిమ్ అన్నయ్య పేరు మీదే తీసుకున్నాం. నా ఫోనులో దానికి వేరే పేరెందుకని అన్నయ్య పేరు కిందే రెండో నంబరుగా వేసుకున్నాను. దాంతో పెట్టె చేసినా, అన్నయ్య చేసినా నాకు ‘అన్నయ్య’ అనే వచ్చేది. “నువ్వా, నీ మోటారా?” అని అడిగేవాణ్ణి. “ఎవరైతే ఏంట్రా, పలుకుతున్నాం కదా” అనేవాడు.

అన్నయ్యకి ఇంకో అలవాటు ఉండేది. పొద్దున్నే చెరువులో మేత సంచులు కట్టి, చేపలు మేత అందుకున్నాక, నాకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవాడు. మాట్లాడుకోవడానికి డబ్బులయ్యే రోజుల్లో మొదలైన అలవాటది. డబ్బులు కాకపోయినా మానలేదు. ఒక్క రింగంటే చెరువు బాగుంది, నేను బాగున్నాను అని. కట్ కాకుండా మోగుతూ ఉంటే బాగాలేదని.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నయ్య భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు. గుండెపోటన్నారు. ఆ మర్నాడు పొద్దున్న నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. దేనికి కూర్చున్నానో మా ఆవిడకి అర్థమై పక్కకొచ్చి కూర్చుంది.

చెరువులో చేపపిల్ల అప్పటికే సగం పెరిగి ఉంది. వదిన వాళ్ళ అన్నయ్య, నాకు వరసకి బావగారు, చెరువు లీజుకిచ్చెయ్యమన్నారు. ఆడమనిషి గట్టు మీద తిరిగి చెరువు చెయ్యడం ఎక్కడైనా ఉందా అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, చెల్లెలి మీద ప్రేమతోనే అన్నారు. వదిన అంతా విని, “ఈ ఒక్క పట్టుబడి నన్ను చెయ్యనివ్వండి అన్నయ్యా. చేప పోతే చెరువు మీ ఇష్టం. నిలబడితే నా ఇష్టం” అన్నారు. చేప పట్టి అమ్మడాన్ని పట్టుబడి అంటారు. అలా వదిన సంగతంతా ఆ పట్టుబడి మీద పడింది.

వదిన బాగానే చేశారు. తవుడు ఎంత కలపాలో, ఏ మూల చేప ఎక్కువ తిరుగుతుందో ఆవిడకి తెలుసు. అన్నయ్య పక్కన ఇన్నేళ్ళూ ఊరికే నిలబడలేదు కదా. చెరువు మీద కాపలాకి అన్నయ్య నాటి నుంచీ మస్తాన్ ఉన్నాడు. పెట్టె నాకు ఫోను చేస్తే నేను మస్తాన్‌కి చేసేవాణ్ణి. అన్నయ్య పేరు తెరమీద కనపడ్డప్పుడల్లా ఒక్క క్షణం అన్నయ్యే అనిపించేది గానీ, కారణం తెలుసు కనక సర్దుకునేవాణ్ణి.

వానల్లో ఒకరోజు ఆ పక్కనే పిడుగు పడి పెట్టె లోపలి బోర్డు మాడిపోయింది. నేనే వెళ్ళి విప్పాను. దాని స్థానంలో మామూలు స్టార్టరు బిగించి, పెట్టెని షాపుకి తెచ్చి అరలో పడేశాను. సిమ్ తీసి ఒక మందుల కవరులో వేసి సొరుగులో పెట్టాను. కొత్త బోర్డు విజయవాడ నుంచి రావాలి. అదిగో ఇదిగో అంటున్నారు. ఈలోగా ఆ సిమ్‌కి రీచార్జి గడువు కూడా అయిపోయింది. అన్నయ్య సొంత నంబరు అంతకు ముందే ఆగిపోయింది.

నా ఫోను మారింది ఆ రోజుల్లోనే. పాతదాని బ్యాటరీ పూరీలా ఉబ్బి వెనక మూత లేచిపోయింది. మా అమ్మాయి సునీత ఏలూరులో నర్సు. తను కొత్తది కొనుక్కుని తన ఐఫోను నాకిచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగి వాడిందంతా ఆండ్రాయిడే. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ నాకు మాత్రం అది తిరగబడింది. వెనక్కి వెళ్ళే మీట లేదు. నొక్కాల్సిన చోట తొయ్యాలి, తొయ్యాల్సిన చోట నొక్కాలి. ఉన్న వయసుకి మళ్ళీ పలక పట్టించినట్టయింది.

సునీత ఒక సాయంత్రం రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఇందులోంచి అందులోకి అన్నీ ఎక్కించింది. పేర్లు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి. పాత కాల్ లిస్టు రాలేదు, రాదని చెప్పింది. కాల్ రికార్డింగులూ రాలేదు. అన్నయ్య గొంతు పాత ఫోనులోనే ఉండిపోయింది. ఆ ఉబ్బిన ఫోనుని పారెయ్యలేక సొరుగులో మందుల కవరు పక్కనే పెట్టాను.

వాయుగుండం పట్టి నాలుగైదు రోజులుగా ముసురు. ఆ ఆదివారమే మా ఉంగుటూరు వైపు ఊళ్ళో కోత పండుగ వచ్చింది. మా పెద్దల నాటి చర్చి అక్కడే ఉంది. పొలం ఉన్నవాళ్ళు వరి కంకులు తెస్తారు, లేనివాళ్ళు గుమ్మడికాయో, కోడో, పెరట్లో కాసిన నాలుగు వంకాయలో తెస్తారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అన్నయ్య ఏటా చెరువులో పెద్ద బొచ్చె పట్టించి తెచ్చేవాడు. ముందు దేవుడికి, ఆ తర్వాతే షావుకారుకి అనేవాడు.

ఆ ఏడు వదిన తెచ్చారు. తడి గోనె కప్పిన బుట్ట బల్ల దగ్గర దించి, చెంగుతో చేతులు తుడుచుకుని ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూర్చున్నారు. ముసురులో చెరువు వదిలి వచ్చినందుకు ఆవిడ మొహంలో బెంగ తెలుస్తూనే ఉంది. మస్తాన్ ఉన్నాడు కదా అని నేనే ధైర్యం చెప్పాను.

మగవాళ్ళ వైపు నా పక్కన బావగారు కూర్చున్నారు. ఫోను జేబులో ఉంటే వంగినప్పుడు పడి పగులుతుందేమోనని చాప మీద నా ముందు పెట్టుకున్నాను. పక్కనున్న మీట కిందికి జరిపితే మోగదని సునీత నేర్పింది కనక జరిపాను. పాస్టరుగారు పంట కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కరెంటు ధ్యాసే నాకు లేదు.

చాప సన్నగా వణికింది. కళ్ళు తెరిచాను.

తెర నిండా అన్నయ్య ఉన్నాడు. పాత ఫోనులో పేరు పక్కన ఆ ఫొటో గోళీకాయంత కనపడేది, నేనెప్పుడూ సరిగ్గా చూడను కూడా లేదు. ఇందులో అరచెయ్యంత మనిషి. గట్టు మీద నిలబడి, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు. పైన ‘అన్నయ్య’ అని ఉంది.

తీద్దామని నొక్కాను. కలవలేదు. మళ్ళీ నొక్కాను. తొయ్యాలన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. అది అలా వణికి వణికి ఆగిపోయింది. ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ మొదలైంది. బావగారు కళ్ళు తెరిచి చాప మీదికి చూశారు. ఆ ఫొటో చూశాక మళ్ళీ కళ్ళు మూసుకోలేదు. రెండోసారి కూడా చివరిదాకా మోగి ఆగింది. ఒక్క రింగు కాదు.

నిజం చెప్పాలంటే నేనప్పుడు భయపడలేదు. ఏళ్ళ అలవాటు నన్ను లేపింది. పెట్టె చేస్తోంది, చెరువు దగ్గర కరెంటు పోయింది, అంతే నా బుర్రలో ఉంది. ప్రార్థన మధ్యలో లేచి ఆడవాళ్ళ వైపు వెళ్ళి, “వదినగారూ, చెరువు దగ్గర్నుంచి ఫోనండి” అన్నాను. ఆవిడ చెప్పుల కోసం కూడా చూడకుండా బయటికి నడిచారు. వెనకే బావగారు కారు తాళాలు తీసుకుని వచ్చారు.

హైవే ఎక్కాక మస్తాన్‌కి చేస్తే ఫోను ఆపి ఉందని వచ్చింది. వాన అద్దాల మీద పడుతోంది.  భీమడోలు దగ్గర బావగారు కారు నెమ్మది చేసి, నా వైపు చూడకుండా, “ఆ పెట్టె కాలిపోయిందన్నారు కదండీ?” అన్నారు.

 అవును. పెట్టె నా షాపులో అర మీద ఉంది. నేనే విప్పాను. నేనే మోసుకొచ్చాను. వెనక సీట్లో వదిన విన్నారో లేదో తెలియదు, “కొంచెం త్వరగా పోనివ్వండి అన్నయ్యా” అన్నారు.

గట్టు ఎక్కేసరికి చెరువంతా నోళ్ళే. వానచినుకులు ఏవో, చేప మూతులు ఏవో తెలియకుండా నీటి పైభాగమంతా కదులుతోంది. మస్తాన్ షెడ్డు ముందు తువ్వాలుతో మణికట్టు కట్టుకుని ఏడుస్తూ నిలబడి ఉన్నాడు.

“కరెంటు రాత్రే పోయిందండి. ఇందాకటిదాకా జనరేటరు నడిపానండి. డీజిలు పోసి మళ్ళీ తిప్పబోతే హ్యాండిలు వెనక్కి తిరిగి మణికట్టు మీద కొట్టేసిందండి. ఒంటిచేత్తో నా వల్ల కాలేదండి. ఫోను వానలో తడిసి చచ్చిపోయిందండి.”

బావగారూ నేనూ కలిసి హ్యాండిలు తిప్పాం. తెల్లచొక్కా అంతా నల్లనూనె అయింది ఆయనకి. ఇంజను అందుకుంది, చక్రాలు తిరిగాయి. వదిన చీర ఎగదోపి, ఆక్సిజన్ గుళికల సంచి చంకన పెట్టుకుని, జారుతున్న గట్టు మీద చుట్టూ తిరుగుతూ చల్లారు. కాసేపటికి ఒక మూల చేప లోపలికి దిగింది. తర్వాత ఇంకో మూల. బురద మూలన కొంత చేప పోయింది. మిగతాదంతా బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే అదీ ఉండేది కాదని చెరువు చేసినవాళ్ళకి వేరే చెప్పక్కరలేదు.

అప్పుడు వదిన గట్టు మీద తడినేల మీదే కూర్చుని, “మస్తాన్ ఫోను చచ్చిపోయిందంటున్నాడు. మరి మీకు ఎవరు చేశారండీ?” అన్నారు.

 ఫోను తీసి ఇచ్చాను. మిస్డ్ కాల్స్‌లో అన్నయ్య పేరు ఎర్రగా ఉంది. దాని పక్కనున్న గుర్తు నొక్కితే ఫొటో వచ్చింది, కింద ఏ నంబరు నుంచి వచ్చిందో కూడా వచ్చింది. పెట్టె నంబరే.

వదిన చాలాసేపు చూశారు. తెర ఆరిపోతే వేలితో తట్టి మళ్ళీ వెలిగించారు. “ఈ ఫొటో నేనే తీశానండి. నవ్వమంటే నవ్వలేదు. ఎండ కళ్ళల్లో పడి అలా వచ్చింది, నవ్వినట్టు” అన్నారు. తర్వాత, “నా ఫోనుకి ఎందుకు రాలేదండీ?” అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. దాన్ని చెప్పడం అంత కష్టమవుతుందని అనుకోలేదు. “ఆ పెట్టెలో రెండు నంబర్లే వేశామండి. అన్నయ్యదీ, నాదీ” అన్నాను.

“నాది వెయ్యలేదా?”

“లేదండి.”

ఆవిడ తలూపారు. కోపం లేదు. ఎప్పటి నుంచో తెలిసిన సంగతి ఇంకోసారి విన్నట్టు తలూపారు. ఆ పెట్టె అసలు అక్కడ లేదన్న మాట మా ముగ్గురిలో ఎవరమూ అనలేదు. బావగారు దూరంగా వెళ్ళి కాలవలో చేతులు కడుక్కుంటున్నారు, నూనె ఎప్పుడో పోయినా.

సాయంత్రం తాడేపల్లిగూడెం వచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా షాపు తెరిచాను. పెట్టె అర మీద నేను పెట్టినచోటే ఉంది, మీద దుమ్ము కూడా చెదరలేదు. మూత తీశాను. మాడిన బోర్డు, ఖాళీ సిమ్ గూడు. సొరుగులో మందుల కవరు, కవరులో సిమ్. పక్కన ఉబ్బిన పాత ఫోను, చార్జింగు లేక నల్లగా. ఆ నంబరుకి చేస్తే వాడుకలో లేదని వచ్చింది.

సునీత ఏవేవో చెప్పింది. అటునుంచి ఇటు ఎక్కించినప్పుడు ఏదైనా పాత కాల్ ఆలస్యంగా కనపడిందేమో అంది. పాత కాల్స్ రావని చెప్పింది తనే అని గుర్తు చేస్తే ఊరుకుంది. పైగా లిస్టులో పడటం వేరు, కళ్ళెదుట మోగడం వేరు. ఆ నంబరు ఇంకెవరికైనా ఇచ్చేశారేమోనని సిమ్‌లు అమ్మే కుర్రాణ్ణి అడిగాను. ఇంకా ఎవరికీ వెళ్ళలేదన్నాడు. ముసురు భయంతో నేనే ఊహించుకున్నానా అంటే, చూసింది నేనొక్కణ్ణే కాదు, అడిగితే బావగారూ చూశానన్నారు. నా పక్కనున్న మనిషి చెరువు లీజుకి పోవాలని కోరుకున్న మనిషి. చెరువుని బతికించే అబద్ధం ఆయన ఎందుకు ఆడతారు?

నేను బైబిలు చదివే ఇంట్లో పెరిగాను. పోయినవాళ్ళు దేవుడి దగ్గర నిద్రపోతారని నేర్చుకున్నాను. అన్నయ్య వచ్చాడని నేను అనను. అలా అంటే నాకూ ఆ నిమ్మకాయల రైతుకీ తేడా ఉండదు. రాలేదని కూడా అనలేకపోతున్నాను. మోటారు సంగతైతే విప్పి బల్ల మీద పరిచి చూస్తాను. దీన్ని ఎక్కడ విప్పాలో తెలియడం లేదు.

తర్వాత కొత్త బోర్డు వచ్చింది. పెట్టెకి కొత్త సిమ్ తీసుకున్నాం, ఈసారి వదిన పేరు మీద. చెరువు దగ్గర బిగించి, మొదటి నంబరుగా వదినది వేశాను, రెండోది నాది. పరీక్షకి మెయిన్ ఆపాను. వదిన చేతిలో ఫోను మోగింది. ఆవిడ తియ్యలేదు, మోగనిచ్చారు. పూర్తిగా మోగి ఆగాక, “పేరు ఎలా వేసుకోవాలో చెప్పండి, నేనే వేసుకుంటాను” అన్నారు. చెప్పాను. ఆవిడ గట్టు మీద కూర్చుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ వేసుకున్నారు.

పట్టుబడి బాగా వచ్చింది. బావగారు లీజు మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా మళ్ళీ చేపపిల్ల వదిలే రోజున ఆయనే వచ్చి డబ్బాలు మోశారు. ఇప్పుడు పొద్దున్నే చేపలు మేత అందుకున్నాక నా ఐఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. తెర మీద ‘వదిన’ అని ఉంటుంది. నేను నేర్పలేదు, అడగలేదు.

మొన్న చెరువు దగ్గర మాట్లాడుకుంటుండగా కరెంటు పోయింది. వదిన ఫోను పక్కనే మంచం మీద ఉంది. మోగితే వంగి చూశాను. పెట్టె నంబరు. దానికి ఆవిడ వేసుకున్న పేరు ‘ఆయన’.

వదిన జనరేటరు వైపు పరుగెత్తారు. వెనకే నేనూ వెళ్ళాను. ఆ ఫోను ఎందుకు మోగిందో నాకు తెలుసు, ఆ పెట్టె బిగించింది నేనే. ఆ ఆదివారం మోగిందే, దానికి మాత్రం ఈరోజుకీ నా దగ్గర లెక్క లేదు.